ఉపవాసం ఉన్న రాత్రే ఆగలేకపోతున్నాను

భోజనం, భక్తి అనే రెండింటి మధ్య నలిగిపోతున్నవారు ఉంటే రాయమని పోయిన సంచికలో అడిగాం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఐదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. సంఘాల్లో సలహా పరిచర్య చేసేవారూ, ఆహార చికిత్స తెలిసినవారూ కలిసి రాసిన జవాబులివి.

"నాకు 36 ఏళ్లు. ప్రతి శుక్రవారం ఉపవాస కూడికకు వెళ్తాను. పొద్దుట టీ కూడా ముట్టను. సాయంత్రం నాలుగింటికి ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి అందరికీ వండిపెడతాను గానీ నేను తినను, ఇంకొక్క పూట ఓర్చుకుందామనుకుంటాను. రాత్రి అందరూ పడుకున్నాక లైటు వేయకుండా వంటింట్లోకి వెళ్లి మిగిలిన అన్నం, పిల్లల బిస్కెట్లు, జంతికలు, చేతికి ఏది తగిలితే అది తింటాను. కడుపు నొప్పెట్టేదాకా ఆగలేను. తర్వాత ఏడ్చి, శనివారం కూడా ఉపవాసం ఉంటానని దేవుడికి మాటిస్తాను. వారంలో ఇంకో రెండు రాత్రులైనా ఇలాగే జరుగుతోంది. 'వారి కడుపే వారి దేవుడు' అని పాస్టరు గారు చదివితే నన్నే వేలెత్తి చూపినట్టుంటుంది. మూడేళ్లయింది. ఇది తిండిపోతుతనమనే పాపమా?" — ఒక సోదరి, పర్లాకిమిడి

సోదరీ, ముందు ఆ వాక్యం సంగతి. ఫిలిప్పీ 3:18, 19 రెండూ కలిపి చదవండి. పౌలు అక్కడ కన్నీళ్లతో చెప్పేది క్రీస్తు సిలువకు శత్రువులుగా నడిచేవారి గురించి, సిగ్గుపడాల్సిన దాన్నే గొప్పగా చెప్పుకునేవారి గురించి. మీరు చీకట్లో తిని, తిన్నందుకు ఏడుస్తున్నారు. ఆ మాట మీ కోసం రాసింది కాదు.

ఇప్పుడు గడియారం చూడండి. గురువారం రాత్రి ఎనిమిదింటికి భోంచేసి, శుక్రవారం రాత్రి పదకొండుకు వంటింట్లోకి వెళ్లారనుకుంటే మధ్యలో 27 గంటలు. కాలేయంలో దాచి ఉంచిన చక్కెర నిల్వ దాదాపు ఒక్క రోజులోనే అడుగంటుతుంది. మనం దాన్ని ఉపవాసం అంటాం, ఒంటికి మాత్రం అది కరువే. కరువులో ఉన్న ఒళ్లు ఆనపకాయ కూర కోసం వెతకదు. పిండి, తీపి, నూనె, ఏది త్వరగా శక్తినిస్తే దాని మీదికి పోతుంది. పైగా మీరు ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ వండారు, ఆ వాసన పీల్చారు. ఆ రాత్రి చేయి ఆగకపోవడం మీ విశ్వాసం తక్కువై కాదు.

దీనికి గట్టి రుజువు ఉంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి మాత్రమే పెట్టాడు. అంతకుముందు వాళ్లు తినేదానిలో అది దాదాపు సగం. వాళ్లు యుద్ధంలో ఆయుధం పట్టబోమని మనస్సాక్షి కొద్దీ నిరాకరించినవారు. చాలామంది మెన్నొనైట్, బ్రెదరన్, క్వేకర్ సంఘాల బిడ్డలు. అంత నిష్ఠ ఉన్నవాళ్లు కూడా రోజంతా తిండి గురించే ఆలోచించారు, మాట్లాడుకున్నారు. కొందరు వంటల పుస్తకాలు పోగేశారు. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక, పొట్ట పగిలేలా తిన్నా ఇంకా ఆకలి తీరలేదన్నవారున్నారు. పస్తు మనిషిని తిండికి బానిసను చేస్తుందని అక్కడ తేలింది.

మీ లక్షణాలకు వైద్యంలో పేరుంది. కొద్దిసేపట్లో మామూలుకంటే చాలా ఎక్కువ తినడం, ఆపుకోలేకపోవడం, ఆకలి లేకపోయినా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం కలగడం. ఇవి సగటున వారానికి ఒక్కసారైనా మూడు నెలలపాటు ఉంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013లో దీన్ని విడి రుగ్మతగా గుర్తించారు. తిన్నదానికి విరుగుడుగా మర్నాడు పస్తుండటం కూడా తోడైతే వైద్యులు దాన్ని బులీమియాగా లెక్కించవచ్చు. వాంతి చేసుకుంటేనే బులీమియా అనుకోకండి.

మరి పాపమా అని అడిగారు. లేఖనం తిండిపోతుతనాన్ని ఖండించే మాట నిజమే. కానీ 1 కొరింథీ 11:21 చూడండి. పక్కవాడు ఆకలితో ఉండగా ముందే తినేసినవాణ్ని అక్కడ గద్దించారు. ఎంత తిన్నాడన్నది కాదు, పక్కవాణ్ని చూడకపోవడం అక్కడి నేరం. మీ ఇంట్లో అందరికీ పెట్టి పస్తున్నది మీరే. అయితే దేవుని ముందు సరిచేసుకోవాల్సింది మీ దగ్గర ఏమీ లేదని మేం అనం. ఆ శనివారం ఉపవాసం ఉంది చూశారా, అది ఉపవాసం కాదు, జరిమానా. మీ అపరాధానికి వెల సిలువ మీద కట్టేశారని ఆదివారం పాడి, శనివారం మీ కడుపుతో మళ్లీ కడుతున్నారు. ముందుగా వదిలిపెట్టాల్సింది దాన్ని.

ఇక చేయాల్సిన పని. రాబోయే మూడు నెలలు ఏ ఉపవాసమూ వద్దు. శుక్రవారం కూడికకు వెళ్లండి, ప్రార్థించండి, కానీ తిని వెళ్లండి. ఏదో ఒకటి మానుకోకపోతే మనసొప్పకపోతే ఆ రోజు ఫోను, సీరియలు మానండి. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి నెలాఖరున లేనివారికివ్వండి. యెషయా 58:7 ఉపవాసం అని చెప్పింది ఆకలిగొన్నవానికి నీ ఆహారం పంచిపెట్టడాన్నే.

తినే వేళలు ముందుగా రాసి గోడకు అంటించండి: ఏడున్నర, పదిన్నర, ఒంటిగంట, నాలుగున్నర, ఎనిమిది, తొమ్మిదిన్నర. రెండు తిండ్ల మధ్య నాలుగు గంటలకు మించి ఎడం రాకూడదు. పొద్దుట మూడు పెద్ద చెంచాల చోడిపిండితో (రాగిపిండితో) కాచిన అంబలి, అందులో గ్లాసుడు మజ్జిగ, పక్కన ఉడికించిన గుడ్డు గానీ గుప్పెడు వేరుశనగలు గానీ. వేసవైతే చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ కూడా మంచి టిఫినే. మధ్యాహ్నం కప్పున్నర అన్నం, కప్పుడు పప్పు, కూర. మీ పక్కింటి ఒడియావారి దాల్మా చేసుకుంటే పప్పూ కూరా ఒక్క గిన్నెలోనే వస్తాయి. మధ్యలో ఒక పండు, లేదా నాలుగు చెంచాల ఛతువా (వేయించిన శనగలు, ధాన్యాల పిండి) పాలలో కలుపుకుని. రాత్రి తొమ్మిదిన్నర తిండి చిన్నదే, గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు. కానీ లైటు వేసి, పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని తినండి. దొంగతనంగా తిన్నవే బిస్కెట్లు వెలుగులో తిన్నప్పుడు మామూలు బిస్కెట్లవుతాయి.

దాదాపు అందరూ తడబడేది ఒక్కచోటే. రాత్రి ఎక్కువ తిన్నాం కదా అని పొద్దుటి టిఫిను మానేస్తారు. మళ్లీ ఆ రాత్రికి అదే గతి. రాత్రి ఎంత తిన్నా సరే, మర్నాడు ఏడున్నరకు అంబలి తాగాల్సిందే. మొదటి రెండు వారాలు ఆకలి తెలియదు, కడుపుబ్బరంగా ఉంటుంది, లావైపోతానన్న భయం పట్టుకుంటుంది. అప్పుడు ఆకలిని అడగకండి, గడియారాన్ని అడగండి.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. వేళ, ఏం తిన్నారు, ఎక్కడ ఎవరితో, అంతకుముందు ఏం జరిగింది, ఈ నాలుగే రాయండి. ఆపుకోలేక తిన్నచోట ఒక చుక్క గుర్తు పెట్టండి. కేలరీలు రాయకండి, "పాపిని" అనీ రాయకండి. రెండు వారాల తర్వాత చుక్కలు ఎక్కడ పడ్డాయో చూస్తే తెలుస్తుంది. చాలామందికి అవి ఎక్కువ ఎడం వచ్చిన రోజునో, అత్తింట్లో మాట పడిన రోజునో కనిపిస్తాయి. బరువు వారానికి ఒక్కసారికి మించి చూడకండి.

తినాలన్న ఉద్ధృతి అలలాంటిది. లేస్తుంది, శిఖరానికి వెళ్తుంది, సాధారణంగా అరగంటలో దిగుతుంది. ఆ అరగంట వంటింట్లో నిలబడి ప్రార్థించకండి. వీధి అరుగు మీదికి రండి, గట్టిగా కీర్తన చదవండి, ఎవరికైనా ఫోను చేయండి. ఆ "ఎవరైనా" ఎవరో ముందే తేల్చుకోండి. యాకోబు 5:16 ఒకనితో ఒకడు ఒప్పుకోమంది గానీ మైకు ముందు సాక్ష్యం చెప్పమనలేదు. నోరు జారని ఒక్క మనిషి చాలు. నాలుగు నుంచి ఆరు వారాలు ఇలా చేసినా చుక్కలు తగ్గకపోతే బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. అంతదాకా వెళ్లలేని రాత్రి 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా.

1 రాజులు 19లో ఏలీయా బదరీ చెట్టు కింద చావును కోరుకున్నప్పుడు దేవదూత గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి పెట్టి తినమన్నాడు. పడుకోనిచ్చి, మళ్లీ లేపి, మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే.

"మా అమ్మాయికి 17 ఏళ్లు. ఈస్టరుకు ముందు వచ్చే లెంటులో నలభై రోజులు ఒంటిపూట తింటానంటే సంతోషించాం. ఈస్టరు అయిపోయి నాలుగు నెలలైనా ఆపలేదు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, 48 కేజీలుండేది, ఇప్పుడు 37. నెలసరి ఆగిపోయింది. ఎండల్లోనూ చలి అంటుంది. తినమంటే యేసయ్య కోసం చేస్తున్నానంటుంది. దురాత్మ అని ఒకరు, గొప్ప భక్తురాలని ఒకరు అంటున్నారు." — ఒక తల్లి, గుణుపూర్

అమ్మా, ఈ జవాబు చదువుతున్న వారంలోనే పాపను ఆసుపత్రికి తీసుకెళ్లండి. అయిదో వంతు కంటే ఎక్కువ బరువు పోయింది, నెలసరి ఆగింది, ఒంట్లో వేడి నిలవడం లేదు. ఇది ఉపవాసం దాటిపోయి అనొరెక్సియా అనే జబ్బులోకి వెళ్లిన తీరు. ఉపవాసానికీ దీనికీ తేడా తెలుసుకునే గుర్తొకటి ఉంది. ఉపవాసం చేసినవారు పండగ వస్తే సంతోషంగా తింటారు. ఈ జబ్బులో ఉన్నవారికి పండగ వస్తుందంటేనే భయం.

ఇంట్లో మీరు చూడగలిగినవి: మెలకువగా ఉన్నప్పుడు మణికట్టు దగ్గర నాడి నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 50 కంటే తక్కువుంటే, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతే, నీళ్లు కూడా వద్దంటే, చచ్చిపోతానంటే ఆ రోజే, ఆ గంటే వెళ్లాలి. డాక్టరు గారిని రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, మెగ్నీషియం, చక్కెర పరీక్షలూ, ఇ.సి.జి. తీయమని అడగండి. "నీరసానికి ఒక సెలైను పెట్టించి పంపేయండి" అనే దగ్గర ఆగిపోకండి. చాలాకాలం తిననివారికి ఒక్కసారిగా గ్లూకోజు ఎక్కించినా, భారీగా తినిపించినా ఇన్సులిన్ పొంగి రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి లాగేసుకుంటుంది. గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి వారం తిండిని వైద్యుల లెక్క ప్రకారం పెంచాలి, బలవంతపు విందు పెట్టకూడదు.

ప్రమాదం తప్పి ఇంటికొచ్చాక ఏం తినాలో, ఎంత తినాలో కొన్నాళ్లు మీరే నిర్ణయించాలి. మూడు పూటల భోజనం, మధ్యలో మూడుసార్లు చిరుతిండి. పళ్లెం మీరే వడ్డించండి. పక్కన కూర్చోండి. భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట సమయం. తిన్నాక గంటసేపు ఒంటరిగా వదలకండి, బాత్రూముకు ముందే వెళ్లి రమ్మనండి. పళ్లెం ముందు వాదన వద్దు, "ఎందుకిలా చేస్తున్నావు" అనే ప్రశ్నా వద్దు. "నీకిది ఎంత కష్టమో తెలుసమ్మా, ఈ ముద్ద తినాలి" అని మెత్తగా, మళ్లీ మళ్లీ. నెయ్యి, గుడ్డు, వేరుశనగ, పాలు కలిపితే పరిమాణం పెరగకుండా బలం పెరుగుతుంది. ఇంట్లో వారానికి పావు నుంచి అర కేజీ పెరిగితే దారిలో ఉన్నట్టే. నెలలు పడుతుంది. "మొహం నిండింది, బాగున్నావు" అని చుట్టాలెవరూ అనకుండా ముందే చెప్పిపెట్టండి. ఆ మాట ఆమె చెవిలో "లావయ్యావు" అని పడుతుంది.

యేసయ్య కోసం అంటోంది గనుక పాస్టరు గారి మాట ఇక్కడ పనికొస్తుంది. "నీ ఉపవాసం ముగిసింది, సంఘం తరఫున నేను ముగిస్తున్నాను, ఇప్పుడు తినడమే విధేయత" అని ఆయన నోటితో అనాలి. ఇది కొత్త సంగతి కాదు. 1380లో 33 ఏళ్లకే చనిపోయిన ఇటలీ భక్తురాలు సియెనా కేథరీన్‌ను ప్రపంచమంతా పునీతురాలంటుంది, కానీ ఆమె తిండి మానేస్తుంటే తినమని ఆజ్ఞాపించింది ఆమె పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) వినే గురువే. ఇక దురాత్మ మాట. ప్రార్థన మానమని చెప్పం, ఆసుపత్రి మంచం పక్కనే చేయండి. ఆమె మీద కేకలేసే విడుదల ప్రార్థనలు, ఆమెను కూడా పస్తుంచే గొలుసు ప్రార్థనలు మాత్రం వద్దు. ఇప్పుడు ఒక్క పూట పస్తు కూడా ఆమెకు అపాయం.

"మా సంఘంలో ప్రతి ఏటా 21 రోజుల ఉపవాస ప్రార్థనలు. అరవై మంది దాకా చేరతారు. కూలీలు, షుగరు ఉన్నవారు, బాలింతలు కూడా. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?" — ఒక పాస్టరు, రాయగడ

పాస్టరు గారూ, అడిగినందుకు సంతోషం. 21 రోజులు దానియేలు 10:2, 3 నుంచి వచ్చినవి. అక్కడ దానియేలు తిండి మానేయలేదు. రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మానాడు. కాబట్టి మీ సంఘానికి కూడా వేపుళ్లు, మాంసం, మిఠాయి, టీ వదిలి మూడు పూటలా సాదా భోజనం అనే నియమం పెడితే మూలానికి దగ్గరగానే ఉన్నట్టు.

పస్తుండేవారి పేర్లు చేతులెత్తించి తీసుకోకండి. వారం ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి. 18 ఏళ్లలోపువారు, గర్భిణులు, బాలింతలు, టీబీ మందులు వాడేవారు, మూత్రపిండాల జబ్బువారు, మూర్ఛ ఉన్నవారు, తిండితో ఎప్పుడైనా పోరాడినవారు పస్తుండకూడదు. కాథలిక్ సంఘమే 1983 చట్టంలో ఉపవాస విధిని 18 నుంచి 59 ఏళ్లవారికి పరిమితం చేసింది. 5వ శతాబ్దంలో మఠాల జీవితం గురించి రాసిన యోహాను కాసియన్ కూడా అందరి బలం ఒకటి కాదు గనుక అందరికీ ఒకే ఉపవాస నియమం కుదరదన్నాడు.

మీ జిల్లాకు ప్రత్యేకంగా చెప్పాల్సింది సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు గురించి. అటు కోరాపుట్ నుంచి ఇటు గజపతి కొండల దాకా ఇది ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒంట్లో నీరు తగ్గితే ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి, ఎముకలు పిండేసే నొప్పి వస్తుంది. కాబట్టి నీళ్లు కూడా తాగని ఉపవాసాన్ని మీ సంఘంలో ఎవరికీ అనుమతించకండి. సికిల్ సెల్ ఉన్నవారికి ఏ ఉపవాసమూ వద్దు. ఎవరికుందో తెలియకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోమనండి. కొండ పనికి వెళ్లే కూలీలు ఏడాదిలో చాలా రోజులు అర్ధాకలితోనే ఉంటారు. వారిని ఉపవాసం చేయమనడం కంటే ఆ 21 రోజులూ సంఘం తరఫున ఒక పూట అన్నం పెట్టడం మేలు.

షుగరు మందుల్లో తేడా ఉంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వేసుకుని పస్తుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో అలా పడటం అరుదు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులతో పస్తుంటే చక్కెర అంత పెరగకుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. ఏ మందైనా డాక్టరును అడిగాకే మార్చాలి. గుడిలో ఒక గ్లూకోమీటరు, చక్కెర డబ్బా పెట్టండి. 70 కంటే తగ్గితే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 300 దాటినా ఆ రోజు ఉపవాసం అయిపోయినట్టే. చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తే "ఆత్మ దిగింది" అనుకుని ఆలస్యం చేయకండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విరమించే తీరులోనూ పొరపాట్లు జరుగుతాయి. ఒక్క రోజు ఉపవాసమైనా బిర్యానీతో ముగిస్తే కడుపులో మంట, వాంతులు. ముందు నిమ్మ నీళ్లో పల్చటి అంబలో తాగించి, అరగంట తర్వాత పప్పన్నం పెట్టండి. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినని వ్యక్తి ఉంటే ఇంట్లో విరమింపజేయకండి. పైన గుణుపూర్ తల్లికి చెప్పిన ఫాస్ఫరస్ ప్రమాదమే ఇక్కడా ఉంటుంది.

ఇంకొక్క మాట. ముగింపు రోజు సాక్ష్యాల్లో "ఎనిమిది కేజీలు తగ్గాను, దేవునికి స్తోత్రం" అన్న మాట రానివ్వకండి. మత్తయి 6:16–18 ఉపవాసాన్ని మనుషులకు కనబడనీయవద్దంది. ఆ సాక్ష్యం విన్న కుర్రపిల్లల్లో కొందరు మర్నాటి నుంచి దేవుని పేరు మీద బరువు తగ్గడం మొదలుపెడతారు.

"సువార్తికుణ్ని. ఆదివారం ఐదారు ఇళ్లలో ప్రార్థన. ప్రతి ఇంట్లో అన్నం, కోడికూర, పాయసం. 'మీ ముందర పెట్టినవి తినుడి' అన్నారు కదా. నా షుగరు మూడు నెలల సగటు 9 దాటింది." — ఒక సోదరుడు, జయపురం

మీరన్నది లూకా 10:8. దానికి ముందున్న 7వ వచనం ఇంటింటికి తిరగవద్దు, ఒకే ఇంట్లో ఉండి తినుమంటోంది. మీ సమస్యకు మందు అక్కడే ఉంది. ఆదివారం ఒక ఇంట్లోనే భోజనమని ముందే నిర్ణయించి, మిగిలిన ఇళ్లకు శనివారమే ఫోను చేసి "మీ ఇంట్లో మంచినీళ్లు, ప్రార్థన" అని చెప్పండి. వడ్డించాక వద్దంటే నొచ్చుకుంటారు, వండకముందే చెబితే నొచ్చుకోరు. తినే ఇంట్లో ముందు కూర, పప్పు, తర్వాత ఒక కప్పు అన్నం. పాయసం పిల్లలకివ్వండి. సంఘంలో ఒకసారి పాస్టరు గారి చేత అందరికీ చెప్పించుకుంటే ప్రతి ఇంట్లో మీరు విడిగా చెప్పుకోవాల్సిన పని ఉండదు.

"హాస్టల్లో ఉంటాను, 20 ఏళ్లు. జిమ్‌కి వెళ్తాను. మెస్‌లో ఎక్కువ తిన్నానని అనిపిస్తే బాత్రూముకెళ్లి వాంతి చేసుకుంటాను, వారంలో నాలుగైదుసార్లు. అబ్బాయిలకు కూడా ఇలా ఉంటుందా? మా దేహం దేవాలయం అని తెలిసీ చేస్తున్నాను కాబట్టి ఆరు నెలలుగా ప్రభు బల్లలో చేయి వేయడం లేదు, అంటే ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం లేదు." — బరంపురం

ఉంటుంది తమ్ముడూ. అబ్బాయిలు చెప్పుకోరు, అందుకే ఆలస్యంగా బయటపడుతుంది.

రేపే రక్తంలో పొటాషియం పరీక్ష చేయించుకో. వాంతులతో అది పడిపోతే బయటికి ఏ గుర్తూ లేకుండానే గుండె లయ తప్పవచ్చు. గుండె దడ, కండరాలు పట్టేయడం, వాంతిలో రక్తం ఉంటే పరీక్ష కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. వాంతి చేసుకున్నా తిన్నదంతా బయటికి రాదు. విరేచనాల మాత్రలు అసలే వద్దు. అవి పనిచేసేది పెద్ద పేగులో, అప్పటికే తిన్నదాని బలం ఒంటికి చేరిపోయి ఉంటుంది, పోయేది నీళ్లు, లవణాలే. చెవుల కింద బుగ్గలు వాచినట్టుంటే అది లావు కాదు, లాలాజల గ్రంథుల వాపు, వాంతులు ఆగాక తగ్గుతుంది. వాంతి అయిన వెంటనే పళ్లు తోమకు. ఆమ్లంతో మెత్తబడిన పింగాణీ పొర బ్రష్షుతో అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో పావు చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, కనీసం అరగంట ఆగు.

తగ్గించుకోవడానికి పైన పర్లాకిమిడి సోదరికి రాసిన వేళల పద్ధతే నీకూ పనికొస్తుంది. అదనంగా ఒక్కటి. మెస్‌లో ఒంటరిగా తినకు, తిన్నాక గంటసేపు గదికి పోకుండా నలుగురిలో ఉండు. ఆ గంట గడిస్తే కోరిక చాలావరకు దిగిపోతుంది. పరీక్ష రిపోర్టు పట్టుకుని మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లు. దీనికి మందులూ ఉన్నాయి, మాటల చికిత్సా ఉంది.

బల్ల సంగతి. దేహం దేవాలయమన్న మాట 1 కొరింథీ 6:19లో వ్యభిచారం గురించిన హెచ్చరికలో వచ్చింది. జబ్బుపడినవాణ్ని బల్ల దగ్గరికి రానివ్వకుండా తరమడానికి రాసింది కాదు. "అయోగ్యముగా" అన్న హెచ్చరిక 11:27లో ఉంది. అది తినే మనిషి యోగ్యత గురించి కాదు, తినే తీరు గురించి, పేదవాణ్ని అవమానపరుస్తూ తిన్న తీరు గురించి. దాని తర్వాతి వచనం తన్ను తాను పరీక్షించుకుని మానేయమనలేదు, పరీక్షించుకుని ఆ రొట్టె తినమంది. ఆరు నెలలు నిన్ను నువ్వు పరీక్షించుకుంటూనే ఉన్నావు. వచ్చే ఆదివారం వెళ్లు. రొట్టె మింగాలంటేనే భయమైతే పాస్టరు గారికి ముందే ఒక మాట చెప్పి చిన్న ముక్క ఇమ్మని అడుగు. ఆరాధన కాగానే బయటికి పోకుండా, బెంచీలు సర్దే కుర్రాళ్లతో ఒక గంట అక్కడే ఉండు.